ఇంగ్లీషు కారులో మా బాపు తుమ్మకట్టె

నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది. మన ఈడు ఇబ్రహీంపట్నం వాళ్లారా, పటేలు గారి ఎర్ర ఇంగ్లీషు కారు గుర్తుందా? పైకప్పు లేదు, రెండే సీట్లు, వెనకాల దుమ్ములో ఉరికే మనం! నిన్న మన్నెగూడలో ఒక షెడ్డు ముందు అదే కారు కనిపించింది. దాన్ని కొన్న పట్నం ఆయన బాగుచేయిస్తున్నాడు.

"లోపలి కట్టె కూడా ఇంగ్లండుదే, అవ్వా" అన్నాడు గొప్పగా.

నాకు మండింది. "ఏం ఇంగ్లండు? తలుపు పక్కన రేకు ఇప్పు. గక్కడున్నది తుమ్మకట్టె. మా బాపు పెట్టిండు."

ఆ కారుకు రేకు కింద కట్టె చట్రం ఉంటుంది. దానికి చెదలు పడితే, ఎడ్లబండ్లు చేసే మా బాపు చెడిన గుంజ తీసి కొత్తది చెక్కాడు. దానికి పట్టించిన ఆముదం వాసన మా వాకిట్లో ఎన్నాళ్లో ఉంది.

పట్నం ఆయన రేకు ఇప్పించాడు. బాపు తను చేసిన ప్రతి బండికీ పెట్టే మూడు ఉలిగాట్లు అక్కడే ఉన్నాయి.

"గిన్నేండ్లయినా మస్తు గట్టిగున్నది. మీ బాపు పేరేంది, అవ్వా?"

కారు చరిత్ర రాసుకునే పుస్తకం తెచ్చి, యజమానుల పేర్ల కింద వడ్ల రాములు అని రాశాడు. ఆ బిడ్డ చల్లగా ఉండాలి. నాకు చదువు రాదు కదా, మూడుసార్లు చదివించుకుని విన్నాను.