మా అమ్మ తుంటి, వాళ్ల గ్రూపు

మా అమ్మ తుంటిలో వేసిన స్టీలు రాడ్డు మీద ఒట్టు, ఇక్కడ రాసే ప్రతి అక్షరమూ నిజం. నా మాటల సంగతి ఎరిగిన మా నాచారం వాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనీ.

నిరుడు వానల్లో అమ్మ బట్టలుతికే గచ్చు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపేరోజు కోఆర్డినేటరమ్మాయి, "ఫికర్ జెయ్యకుండ్రి సార్, మా టీమంతా మీ వెంటే ఉంటది" అని చెప్పి నన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చింది. అందులో సర్జన్, ఫిజియో, డైటీషియన్, ఆ అమ్మాయి, నేను. లేనిదల్లా మా అమ్మే.

అమ్మను ఎప్పుడు నడిపించాలని అడిగాను. సర్జన్ గారు చెబితే నడిపిస్తానన్నాడు ఫిజియో. ఫిజియో చూసి చెబితే తనకేం అభ్యంతరం లేదన్నాడు సర్జన్. ముందు ఒంట్లో బలం రావాలి, మేకకాళ్ల పాయా సూప్ పట్టించండి, మూడు లీటర్ల నీళ్లు తాగించండి అంది డైటీషియన్. కోఆర్డినేటరమ్మాయి ముగ్గురికీ దండాలు పెట్టింది. రోజూ పొద్దున ఒకరికొకరు పూలబొమ్మలు పంపుకునేవారు. ఆ మోతకు అలమరలో పెట్టిన ఫోను వణుకుతూ వణుకుతూ ఈ చివర నుంచి ఆ చివరకు చేరేది. ఆ పది రోజుల్లో మా ఇంట్లో నడక సాధన చేసింది ఆ ఫోనొక్కటే.

అమ్మ మాత్రం నీళ్లు తాగడం మానేసింది. తాగితే బెడ్‌పాన్ కావాలి, అది కోడలు పెట్టాలి. ఆ పని కోడలితో చేయించుకోవడం కన్నా దాహంతో ఎండిపోవడమే నయం అనుకుంది. పెదాలు పగిలాయి. తన కాళ్ల మీద తాను బాత్రూంకు పోవాలి, ఆమె కోరిక అదొక్కటే.

"ఏం రా, నేను లేవనీకి గా ఫోన్ల అందరు ఒప్పుకున్నరా?"

"ఇంకా మాట్లాడుకుంటున్నరే అమ్మా."

"నా పెండ్లికి గుడ గింతసేపు మాట్లాడలే."

పదకొండో రోజు గ్రూపులో ఇలా రాశాను: "అమ్మ ఈ ఉదయం ఉప్పల్ రింగురోడ్డు దాకా నడిచి, మిర్చి బజ్జీలు తిని, నడిచే తిరిగొచ్చింది."

వారంగా నా ప్రశ్నకు పలకని సర్జన్ నిమిషంలో పలికాడు. రాడ్డు తనదన్నాడు. వ్యాయామం వీడియోలు పంపింది తానన్నాడు ఫిజియో. సూప్ సంగతి గుర్తుచేసింది డైటీషియన్. రేపే అందరం వస్తాం, అమ్మ నడక వీడియో తీసి దవాఖానా పేజీలో పెడతాం అని కోఆర్డినేటరమ్మాయి రాసింది.

మర్నాడు పదకొండింటికి నలుగురూ మా ముందుగదిలో ఉన్నారు. సర్జన్ ఫిజియోను చూసి, "మీరు ఆమెకు ఏమైతరు?" అని అడిగాడు. చుట్టమనుకున్నాడు పాపం.

ఫిజియో అమ్మ కాళ్లు పట్టి చూశాడు. "సార్, రింగురోడ్డు సంగతి తర్వాత. ఈమె మంచం గుడ దిగలే."

అందరూ నా వైపు తిరిగారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"వాన్ని తర్వాత తిట్టుర్రి" అంది అమ్మ. "ఎట్లాగు నలుగురొచ్చిన్రు. జర నన్ను లేపుర్రి."

"లేపొచ్చా సార్?" అన్నాడు ఫిజియో.

"పది రోజుల కిందనే లేపాలె గదయ్యా!" అన్నాడు సర్జన్.

వాకర్ ముందు పెట్టారు. ఫిజియో నడుం దగ్గర పట్టుకున్నాడు. అమ్మ లేచింది, పళ్లు బిగించింది, ఒక అడుగు వేసింది. వీధి తలుపు దగ్గర ఫోను పట్టుకుని నిలబడిన అమ్మాయి, "అమ్మా, ఇటు రాండ్రి, వెల్తురు ఇటున్నది" అంది.

"నాకు పని అటున్నది బిడ్డా" అని అమ్మ బాత్రూం వైపు తిరిగింది.

పద్నాలుగు అడుగులు. నా భార్యను కూడా లోపలికి రానివ్వలేదు. తలుపు దగ్గరగా వేసుకుంది. బయట నలుగురూ ఒకే వరసలో, ఒకే తలుపును చూస్తూ నిలబడ్డారు. సమన్వయమంటే ఏమిటో ఆ రోజు చూశాను. అమ్మ బయటికొచ్చి మంచం మీద కూర్చుని చెంబెడు నీళ్లు అడిగింది, గటగటా తాగేసింది.

ఒట్టేశాను కనుక ఒకటి ఒప్పుకోక తప్పదు. ఇందులో కల్పన ఒక్కటుంది: ఆ రింగురోడ్డు అబద్ధం నాదన్నట్టు చెప్పాను చూడండి, అది. మిర్చి బజ్జీలు నావే, కాదనను. నేను "బాత్రూం దాకా నడిచింది" అని రాయబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"గంత చిన్నదానికి ఎవడొస్తడు రా? రింగురోడ్డు అని రాయి."