గట్టిమేస్త్రి పాటల గది

గట్టిమేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. అతను కుట్టిన పరుపు మీద ఎద్దు పడుకున్నా కుంగదని వీధిలో చెప్పుకునేవారు. మనిషి పడుకుంటే నడుం ఏమవుతుందని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే దబ్బనం పట్టుకుని మీదికొచ్చే రకం మరి! తండ్రి నేర్పిన పద్ధతి అది. దూది ఏకి, కూరి, కుట్టాక పరుపు మీద పిడికిలితో గుద్దాలి. పిడికిలి మెటికల దాకా కూడా దిగకపోతేనే ఓ మూల ఎర్రదారంతో ముడి వేయాలి. ముడి లేని పరుపు ఆ గడప దాటకూడదు.

ఆ ముడి దగ్గరే అన్నదమ్ములు చెడ్డారు. పదకొండేళ్ల కిందట తమ్ముడు పిడికిలి మణికట్టు దాకా దిగిపోయే పరుపు ఒకటి కుట్టి, దానికి ముడి వేసి బండెక్కించాడు. గట్టిమేస్త్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. బండి ఆపి, వీధి వీధంతా చూస్తుండగా ఆ ముడి తెంపి తమ్ముడి మొహాన కొట్టాడు.

"దొంగపని చేసి నాన్న ముడి వేస్తావురా? సిగ్గులేదూ?"

తమ్ముడు ఏదో చెప్పబోయాడు. "నోర్ముయ్" అన్నాడు అన్న. అంతే. ఇల్లు రెండు వాటాలైంది, మధ్యన గోడ లేచింది. ఆనాటి నుంచీ ఆ రెండు వాటాల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

పంపకాల్లో తేలకుండా మిగిలింది ఒక్క వెనకగది. దాన్ని అమ్మ తన చేతిలోనే పెట్టుకుంది. అందులో గట్టిమేస్త్రి పాటలు వింటాడు. మూతపడ్డ సినిమా హాలు సామాను అమ్ముతుంటే తెచ్చుకున్న రెండు స్పీకర్లు, ఒక పాత టేపు రికార్డరు, ఒక కుర్చీ, అవే అతని ఆస్తి. నలభై ఏళ్లు దూది ఏకే మిషను హోరులో నానిన చెవులు అతనివి. కుడిది ఎప్పుడో పోయింది. ఎడమది కూడా ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఉన్న నాలుగు రోజులూ పాటని పాటలా వినాలి, ఆ మొరటు మనిషికి ఈ లోకంలో మిగిలిన ఆశ అదొక్కటే.

ఆ గది చూస్తే బోసి గోడలు, గచ్చు నేల. ఒక్క చప్పట కొడితే నాలుగు గోడలూ కలిసి నాలుగు కొడతాయి. పాటలో ఒక్క మాట తెలియదు. అవతల వాటాలో ఉన్న తమ్ముడికి మాత్రం దడదడ అంతా చేరుతుంది. తమ్ముడు వెళ్లి అమ్మని పట్టుకున్నాడు. సరుకు పెట్టుకోవడానికి ఆ గది తనకి కావాలన్నాడు.

అమ్మకి ఎనభై దాటాయి. చూపు మసకే గాని చెవులు పాము చెవులు. ఇద్దర్నీ పిలిచి ఎదురుగా నిలబెట్టింది.

"పెద్దోడా, నువ్వు వినేది పాటో, రేకుల మీద వానో నాకు తెలీట్లేదు. ఆదివారం పొద్దున వచ్చి కూచుంటా. ఒక్క చరణం అర్థమై నేను తిరిగి చెప్పగలిగితే గది నీది. లేదంటే చిన్నోడిది. ఇంక నా బుర్ర తినకండి."

మోత తగ్గేలా గోడలకి అంటించే పలకలు బజార్లో దొరుకుతాయని ఎవరో చెబితే గట్టిమేస్త్రి వెళ్లి ధర అడిగాడు. "ఆ ధరకి కొత్త చెవులే వస్తాయి" అని కొట్టువాణ్ణి ఏకిపారేసి వచ్చాడు. తన దగ్గరున్నవి తుక్కు దూది, పాత దుప్పట్లు, చేతిలో పని. వాటితోనే వారంలో పన్నెండు మెత్తలు కుట్టాడు. ఎలా కుట్టాడంటారా? తనకి తెలిసింది ఒకటేగా! కర్రతో కూరి, మోకాలు పెట్టి తొక్కి, మందపాటి గుడ్డలో బిగించాడు. పిడికిలితో గుద్ది, ఎర్రముడి వేసి, గోడకి ఆనించి మేకులు కొట్టాడు.

భార్య గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమండీ, గోడలకేమైనా నడుం నొప్పా, ఇంత గట్టి పరుపులేస్తున్నారు?"

"నీ పని నువ్వు చూసుకో" అని కసిరాడు.

ఆదివారం వచ్చింది. అమ్మ కుర్చీలో కూర్చుంది, తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. గట్టిమేస్త్రి టేపు వేశాడు. చరణం మొదలై, అయిపోయింది.

"ఎవరో బిందెలో తలపెట్టి ఏడుస్తున్నారు" అంది అమ్మ.

తమ్ముడు పకపకా నవ్వాడు. లోపలికొచ్చి పిడికిలితో ఒక మెత్త మీద గుద్దాడు. "గోడ మీద ఇంకో గోడ కట్టావు కదా! ఇంత బిగిస్తే చప్పుడు లోపలికెలా వెళ్తుంది? ఇందులో దూరడానికి గాలికే దారిలేదు." మొలలోంచి పురికొస కోసే కత్తి తీసి, మూలనున్న మెత్తని సర్రున చీల్చాడు. అప్పటిదాకా ఊపిరాడక ఉన్న దూది బుసబుసా బయటికొచ్చి మూలంతా కమ్మేసింది.

గట్టిమేస్త్రి తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. "నా పని మీద కత్తి పెడతావురా!"

"ఛీ, వదలండి!" అని అమ్మ గద్దించింది. లేచి ఆ మూల దగ్గరికి వెళ్లి చప్పట కొట్టింది. ఇంకో మూలకి వెళ్లి కొట్టింది. మళ్లీ మొదటి మూలకే వచ్చింది. "ఇక్కడ గోల తగ్గిందిరా. చిన్నోడు చెప్పింది నిజమే. ఇంకో వారం ఇస్తున్నా, వదులుగా కూరు."

"వదులుగానా? నేనా?"

"చేతకాదని తెలిసే చెబుతున్నా" అన్నాడు తమ్ముడు చొక్కా సర్దుకుంటూ. "సినిమా హాళ్ల గోడలకి మెత్తలు కుట్టినవాణ్ణి నేను. గోడకి ఆనించకూడదు, వెనక బెత్తెడు గాలి వదలాలి. మూలల్లో మందంగా పెట్టాలి. ఆ స్పీకర్లని గోడకి దూరంగా జరపాలి. అన్నీ చెప్పినా నీ వల్ల కాదు, నీ చేతులు అంతే."

ఆ మాట ములుకులా దిగింది. మర్నాడు గట్టిమేస్త్రి మిగిలిన పదకొండు మెత్తల కుట్లూ విప్పాడు. తన చేత్తో వేసిన ముళ్లు తన చేత్తోనే తెంపుకున్నాడు. దూది మళ్లీ ఏకాడు. కూరుతుంటే మోకాలు దానంతటదే పైకి లేచేది, తిట్టుకుంటూ దించేవాడు. అదే దూది ఇరవై నాలుగు మెత్తలకి సరిపోయింది. పాత పెట్టెల చెక్కలతో చట్రాలు కొట్టి, పల్చటి దుప్పటి గుడ్డ కప్పి, బెత్తెడు ఎడం ఉంచి నిలబెట్టాడు. స్పీకర్లు ముందుకు జరిపాడు. టేపు వేయగానే పాడేవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. నలభై ఏళ్లుగా వింటున్న పాటే అది, ఆ ఊపిరి మాత్రం ఏనాడూ వినలేదు. కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఎవరూ చూడలేదు గనక సరిపోయింది.

రెండో ఆదివారం అమ్మ చరణం విని, ఒక్క మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. "గది పెద్దోడిది" అంది.

"అలాగే, తీసుకోమను" అన్నాడు తమ్ముడు. "కానీ వీటికి నాన్న ముడేదీ? ముడి లేని పని ఈ ఇంట్లో ఉండకూడదుగా. వెయ్యమను."

"వదులు పనికి ముడా? చచ్చినా వెయ్యను."

"ఏం, పనికి రాలేదా? వదులుగా ఉండాల్సిన చోట వదులుగా ఉంటేనే కదా పాట వినపడింది!" తమ్ముడి గొంతు లేచింది. "ఆ రోజు నువ్వు బండి ఆపి ముడి తెంపావే, ఆ పరుపు ఎవరికో తెలుసా? మంచాన పడి వీపంతా పుండ్లు పడ్డ ముసలాయనకి. పిడికిలి దిగేంత మెత్తగా కుట్టమని వాళ్లే బతిమాలారు. అడిగింది అడిగినట్టు కుట్టా, అందుకే ముడి వేశా. వీధిలో నన్ను దొంగని చేశావు. చెప్పబోతే నోర్ముయ్యమన్నావు. పదకొండేళ్లు! చెవిటోడి ముందు శంఖం ఊదినట్టయింది నా బతుకు."

గట్టిమేస్త్రి అమ్మ వైపు చూశాడు. అమ్మ తల దించుకుంది, ఆమెకీ తెలుసు. తమ్ముడు ఇంకేమీ వినకుండా గది తలుపు ధడాలున మూసి వెళ్లిపోయాడు. అమ్మ కూడా కాసేపటికి లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది.

అతను ఎర్రదారం తెచ్చుకున్నాడు. ఒక్కో మెత్త మూలన ఒక్కో ముడి, ఇరవై నాలుగు వేశాడు. చివరి ముడి వేసి అవతలి వాటా గోడ వైపు తిరిగాడు. "ఒరేయ్ చిన్నోడా" అని పిలిచాడు. పదకొండేళ్ల తర్వాత తమ్ముణ్ణి అలా పిలవడం అదే మొదటిసారి. తలుపు వేసి ఉంది, చుట్టూ ఇరవై నాలుగు మెత్తలున్నాయి. ఆ పిలుపు ఆ గదిలోనే ఆగిపోయింది.

లేచి అవతలికెళ్లి పిలవచ్చు కదా అంటారు మీరు. ఆపాటి మనిషే అయితే పదకొండేళ్లు ఎందుకు పడుతుంది?