దుకాణం కంప్యూటర్‌లో దవాఖాన బొమ్మ

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. కందిగింజంత. కందిపప్పు టోకు వ్యాపారుల ఇంటి కోడల్ని, పోలికకు నాకు అంతకన్నా ఏం దొరుకుతుంది! ఆ పూట నుంచి నా ప్రాణం ప్రాణంలో లేదు.

ఎవరికి చెప్పను? మా ఆయనకు చెబితే ఊరంతా టముకు వేసినట్టే. ఫోన్‌లో వెతుకుదామంటే అది పేరుకే నాది, పొద్దంతా అత్తమ్మ సీరియళ్లకూ పిల్లల ఆటలకూ సరిపోతుంది. మా ఆయన గోదాం దగ్గరుంటాడు. మామయ్య భోజనానికి వెళ్లినప్పుడు దుకాణంలో బిల్లులు కొట్టేది నేనే. ఆ మధ్యాహ్నం బిల్లులు పక్కన పెట్టి, కంప్యూటర్‌లో నా గడ్డ గురించి వెతికాను. నాలుగు లైన్లు చదివానో లేదో, గభాలున మూసేశాను.

మరునాడు మామయ్యకు చాయ్ ఇస్తూ చూద్దును కదా, కందుల ధరల పక్కనే హైదరాబాద్‌లోని ఏదో క్యాన్సర్ ఆసుపత్రి ప్రకటన! సాసర్‌లో కప్పు పెట్టి బల్ల మీదికి జరిపి, మామయ్య ముఖంలోకి చూశాను. ఆయన ఔరాద్ నుంచి వచ్చిన రైతుతో బేరం ఆడుతూనే ఉన్నాడు.

ఆ పాడు బొమ్మ వదిలితేనా! నేను వెతికింది కంప్యూటర్ గుర్తుపెట్టుకున్నట్టుంది, ఏ పేజీ తెరిచినా అదే. సాయంత్రం దీపం పెట్టాక మామయ్య గల్లాపెట్టెకు, కాంటాకు, కంప్యూటర్‌కు అగరుబత్తి తిప్పి, దండం పెట్టి, కంప్యూటర్‌ను తన చేత్తోనే ఆపుతాడు. ఎన్నడూ ఆ పద్ధతి తప్పడు. ఆ రోజు మాత్రం దండం పెట్టి, తెర మీద ఆ బొమ్మ ఉండగానే, ఆపకుండా లేచాడు. ఎవరికి చూపిద్దామని? కొడుక్కా? అత్తమ్మకా?

పొద్దున్నే ఊడ్చే నెపంతో అందరికన్నా ముందు దుకాణంలోకి వెళ్లాను. హిస్టరీ, కుకీలు, కాష్... ఏది దేనికో తెలిస్తే కదా! కనిపించిన అన్నిటికీ టిక్కులు పెట్టి తుడిచేశాను. బొమ్మ పోయింది. దాంతోపాటు ధరల పేజీ, మార్కెట్ ఖాతా, మెయిలు, అన్నీ పాస్‌వర్డ్ అడగసాగాయి. మా ఇంట్లో అవి ఒక్కరికీ గుర్తులేవు.

మామయ్య వెంట వచ్చిన మా ఆయన అది చూసి గొంతు చించుకున్నాడు. "ఎవడో లోపటికి జొరబడ్డడు! అంతా సాఫ్ జేసిండు! పోలీసులకు చెప్త!"

పోలీసులొస్తే నేను ఏం వెతికానో బయటికి తీయరూ?

"ఊకో. నువ్వు పోయి భాల్కి నుంచి లారీ వచ్చిందో లేదో చూడు," అని మామయ్య అతన్ని పంపేశాడు. తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"పాస్‌వర్డ్లదేముంది, మల్ల చేసుకుంటం. ఆ దవాఖాన బొమ్మ ఏడికి పోయింది బిడ్డా?"

నేను గబగబా చీపురు అందుకున్నాను.

"దాంట్ల ఫోన్ నంబర్ ఉండె. బంద్ చేస్తే బొమ్మ పోతదని రాత్రంతా చాలూ ఉంచిన. నిన్ను తోల్కపొమ్మని పొద్దుగాల మీ అత్తకు చెప్దామనుకున్న."

"నాకని... మీకెట్ల ఎరుక మామా?"

"ఈ కుర్చీల కూసునేది మనిద్దరమే. నాకైతే ఏం రోగం లేదు."

ఇక ఏడుపు ఆగలేదు. "భయమైతాంది మామా," అన్నాను.

"నాకు గూడ అయితాంది. ఏం కొట్టినవో మల్ల కొట్టు, ఆ బొమ్మ మల్ల వస్తది. నేను అటు తిరిగి కూసుంట."

కుర్చీ బజారువైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను ఆ మాటను మళ్లీ కొట్టాను.