ఫోన్ అవతల పెళ్ళివారు

నా భార్య పోయి అప్పటికి ఏడాది నిండలేదు. ఆమె అంత్యక్రియలు ఇక్కడ గల్ఫ్‌లో, ఫర్వానియాలోని మా గదిలో కూర్చుని ఫోన్‌లో చూశాను. అందుకే, మా గదిలోనే ఉండే నేపాలీ అబ్బాయి తన పెళ్ళికి పెద్దగా నిలబడమంటే వద్దన్నాను.

"దాయ్, ఇక్కడ నాకు ఇంకెవరున్నారు?" అన్నాడు హిందీలో. దాయ్ అంటే వాళ్లకు అన్న. ఇక కాదనలేకపోయాను.

అమ్మాయి రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆమె పాడి పెట్టిన వీడియోకు ఇతను పాటతోనే జవాబు పెట్టాడు. అక్కడ మొదలైంది. రెండేళ్లు ఫోన్‌లోనే మాట్లాడుకున్నారు. వాళ్ల ఊళ్లో లేచిపోయి పెళ్ళాడటం కొత్తేమీ కాదు, తర్వాత పెద్దలే సర్దుకుంటారట. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. నాన్న చూస్తుండగానే సిందూరం పెట్టాలంది. ఆ తండ్రి చేతిలో ఆస్ట్రేలియా సంబంధం ఒకటి ఉంది. ఈ శుక్రవారం దాటితే దానికే మాటిస్తానన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అమ్మాయి సెలవు తీసుకుని మా గదికి వచ్చింది. రెండు ఫోన్లు బీరువాకు ఆనించి పెట్టాం. ఒకదానిలో అమ్మాయి తండ్రి. రెండోదానిలో అబ్బాయి తల్లి, ఎర్రచీరలో, మెడలో వాళ్ల ముత్తైదువులు వేసుకునే పచ్చపూసలతో. మా గదిలోని రాయచోటి భాయ్ బిర్యానీ వండి పెట్టి వచ్చాడు.

"పెండ్లికొడుక్కి చెమటలు పడతాండాయి, ఎవరన్నా ఏసీ పెంచండప్పా!" అన్నాడు.

అబ్బాయి సిందూరం చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే తల్లి వైపు ఫోన్ పక్కకు ఒరిగింది. దాన్ని నిలబెట్టడానికి అక్కడున్న అతని అన్న ముందుకు వంగాడు. నెత్తిమీది టోపీ జారిపోయింది. తల నున్నగా గొరిగి ఉంది.

"వాళ్లన్న తిరుపతికి పోయొచ్చినాడా ఏంది?" అన్నాడు భాయ్ నా చెవిలో.

తిరుపతి కాదు. వాళ్లలో కొడుకులు అలా తల గొరిగించుకునేది తల్లో తండ్రో పోతేనే. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ ఇంట్లో పెళ్ళి ఉండదు. తల్లి ఎదురుగా కూర్చునే ఉంది.

అబ్బాయి చెయ్యి గాలిలో ఆగింది. "నాన్న ఏడీ?" అన్నాడు నేపాలీలో. ఒకే గదిలో ఉండి ఆ భాష నాకు పట్టుబడింది.

"జ్వరం, పడుకున్నారు. నువ్వు పెట్టు, బాబూ."

తల్లి గొంతు వణకలేదు. తల వంచుకుని ఉన్న పెళ్ళికూతురు ఏదీ చూడలేదు. అతను ఆమె పాపిట పొడుగునా సిందూరం పెట్టాడు. అమ్మాయి తండ్రి ఆశీర్వదించి ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు ఆ తల్లి మెడలోని పచ్చపూసలు తీసింది.

"మొన్న పోయారు. నీకు చెబితే ఏడాది ఆగాలి. వాళ్లు ఆగరు కదా."

దూరాన ఉన్నవాడికి విన్నప్పటి నుంచే మైల అని మావైపు కూడా అంటారు. కొడుకు సంగతి సరే. ఆమె కళ్లారా చూసింది కదా! మొగుణ్ణి కాటికి పంపి, ఎర్రచీర కట్టుకుని మా ముందు కూర్చుంది. నేను చాలా పుస్తకాలు చదివాను. ఆ నిమిషాన ఏ ఒక్కటీ సాయం రాలేదు.

"అన్న తల చూశానమ్మా," అన్నాడతను. "చూసే పెట్టాను."

ఆ మాటకు అమ్మాయి తలెత్తింది. "తెలిసే పెట్టావా? మా నాన్న చూస్తుండగా?"

అతను స్నానం చేసి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. కర్మ ముగిసేదాకా తన తిండి తనే వండుకోవాలి, ఉప్పు లేకుండా. అతన్ని ఎవరూ తాకకూడదు, భార్య అయినా సరే. భాయ్ బిర్యానీ గిన్నె మీద మూత పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

మైలలో కోడలికీ ఎరుపు పనికిరాదు. అమ్మాయి చేతుల ఎర్రగాజులు ఒక్కొక్కటే తీసి కిటికీలో పెట్టింది. వంటగది గుమ్మం దాకా వెళ్లి అక్కడే ఆగింది. తిట్టబోతుందనుకున్నాను. అతను వెనక్కి తిరగలేదు. బియ్యంలో నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

"చాలు," అంది. "ఎక్కువయ్యాయి. కొంచెం వంచెయ్."