రాడ్డు మాస్టారిని తాడుతో లాగారు

నిన్న మధ్యాహ్నం మూడున్నరకి విజయ్ బావ ఫోన్ చేశాడు. "సునీ, నాన్న లేడే" అన్నాడు.

ఎక్కడికి వెళ్లాడు అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

రేపల్లె దగ్గర కల్వర్టు గోడకి గుద్దుకుని, తన పాత వ్యాన్ స్టీరింగ్ ముందే మా జీవరత్నం మామయ్య చనిపోయాడు.

నాకు ఏడుపు రావట్లేదు.

కోపం వస్తోంది. అందుకే ఈ పోస్ట్. చుట్టాలు, చర్చి వాళ్లు, మామయ్య స్టూడెంట్స్, అందరూ చదవండి.

పొద్దున్నుంచి గ్రూపుల్లో ఒకటే మెసేజ్‌లు. "దేవుడు పిలుచుకున్నాడు." "టైమ్ వచ్చింది." ఒక పెద్దమనిషి అయితే "ఆ వయసులో ఆగిపోయిన బండిలో కూర్చోవడం ఏంటండి, మొండితనం కాకపోతే" అని పెట్టాడు.

మొండితనమా?

లాగుతున్న బండిలో స్టీరింగ్ పట్టుకోవడానికి డ్రైవింగ్ తెలిసిన మనిషి ఉండాలి సార్. అది రూల్. మీలో ఒక్కరికైనా తెలుసా?

మామయ్యకి తెలుసు. తెనాలిలో ఏళ్ల తరబడి పిల్లలకి మెకానిక్ పని నేర్పి రిటైరైన మనిషి. ఆ వ్యాన్ వాళ్ల నాన్న పాస్టర్‌గారిది. వెనక మడత మంచం, కిరసనాయిల్ స్టవ్, నీళ్ల డ్రమ్ము. తాతయ్య నిజాంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో సువార్త కూటాలు పెట్టుకుంటూ వారాల తరబడి అందులోనే ఉండేవాడట. ఆయన పోయాక అందరూ తుక్కుకి అమ్మేయమన్నారు. మామయ్య అమ్మలేదు. రిపేర్ చేసి, పేపర్లన్నీ సరిగ్గా ఉంచి, నడుపుతూనే ఉన్నాడు.

మేం ఆయనకి పెట్టిన పేరు రాడ్డు మాస్టారు. బండి ఆగిపోతే ఇనుప రాడ్ పెట్టి లాగాలి తప్ప తాడు కట్టకూడదని మా బుర్ర తినేసేవాడు.

ఓసారి బాపట్లలో మా వాళ్ల పెళ్లి. చర్చికి వెళ్తుంటే పెళ్లికొడుకు కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎవరో తాడు తెచ్చారు. మామయ్య ఆ తాడు లాక్కుని, చుట్టచుట్టి, దాని మీద కూర్చున్నాడు. పట్టుపంచెతో.

పెళ్లికొడుకుని ఆటో ఎక్కించి పంపేశాడు. రాడ్ వచ్చేదాకా లేవలేదు. వచ్చాక రెండు బళ్ల మధ్య ఐదు మీటర్లు మించకుండా అడుగులతో కొలిచాడు. తెల్ల అట్ట మీద నల్ల అక్షరాలతో ఆన్ టో, అంటే లాక్కెళ్తున్న బండి, అని రాసి వెనక కట్టాడు. స్పీడ్ ఇరవై ఐదు దాటితే ఊరుకోనని ముందు బండి డ్రైవర్‌ని బెదిరించాడు. షెడ్డుకి చేర్చి ఆయన చర్చికి వచ్చేసరికి పెళ్లి అయిపోయింది, భోజనాలు కూడా సగం అయ్యాయి. మేమంతా పడీ పడీ నవ్వాం.

ఇక నిన్న.

నిజాంపట్నంలో కూటం అయ్యాక తిరిగి వస్తుంటే వ్యాన్ ఆగిపోయింది. పన్నెండింటికి నాకు ఫోన్ చేశాడు.

"సునీతా, ముందు హుక్కు తుప్పు పట్టి ఊడిపోయిందమ్మా. రాడ్ తగిలించడానికి లేదు. లారీ మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాళ్ల నంబర్ మీ ఆఫీసులో ఉందన్నావుగా, పంపించు."

నేను పనిలో ఉన్నాను. ఏమన్నానో తెలుసా?

"అబ్బా మామయ్యా, తాడు కట్టి లాగించెయ్. అందరూ అదే చేస్తారు. నీ చాదస్తం ఇంక ఆపు."

"సర్లేమ్మా" అని పెట్టేశాడు.

నేను నంబర్ పంపలేదు.

ఈలోపు కూటానికి వచ్చినవాళ్లు ట్రాక్టర్ తెచ్చారు. హార్బర్ నుంచి బోటు తాడు తెచ్చారు. "బోట్లనే లాగుతుందండి మాస్టారూ, మీ వ్యాన్ ఎంతండి" అన్నారట. తాడు సంగతి నిజమే, అది తెగలేదు. కట్టింది మాత్రం ఉప్పుగాలికి తుప్పు పట్టిన బంపర్‌కి. కట్టి, ప్రార్థన కూడా చేశారట.

అంతమంది పనులు మానుకుని ఎండలో నిలబడి సాయం చేస్తుంటే వద్దనడానికి ఆయనకి మొహమాటం అడ్డొచ్చింది. పెళ్లిలో పడని మొహమాటం నిన్న పడ్డాడు. నేను చాదస్తం అన్నాక ఇంకేం మాట్లాడతాడు?

నిదానంగా పోనివ్వమని మాత్రం నాలుగైదుసార్లు చెప్పాడట. ట్రాక్టర్ తోలే అతను ఫోన్ మాట్లాడుతూ తోలాడు. కల్వర్టు మలుపులో తాడు వదులైంది, మళ్లీ ఒక్కసారిగా గుంజింది. బంపర్ ఊడిపోయింది. ఇంజిన్ ఆగిపోయి ఉంటే ఆ బండికి బ్రేక్ సరిగ్గా పడదు, పెడల్ బిగుసుకుపోతుంది. ముక్కు లేని వ్యాన్ అది. డ్రైవర్ మోకాళ్ల ముందు ఉత్త రేకే ఉంటుంది.

దేవుడు పిలిచాడని ఇంకొక్కరు రాస్తే బ్లాక్ చేస్తాను. లాగింది మనం.

ఇవాళ పొద్దున పోలీసులు చూసి వెళ్లాక, వ్యాన్ అక్కణ్నుంచి తీయాలని వెళ్లాను. మళ్లీ ట్రాక్టర్ ఉంది. మళ్లీ ఇంకో బోటు తాడు ఉంది. "ఎంతసేపండి, పది నిమిషాల్లో లాగేస్తాం" అన్నాడొకడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. సంఘ పెద్దలని కూడా చూడలేదు. నేను క్షమాపణ చెప్పను.

తర్వాత ఆ లారీ అతనికి ఫోన్ చేశాను. తెనాలి నుంచి వచ్చాడు. వ్యాన్‌ని మెల్లగా పైకి ఎక్కించి, నాలుగు చక్రాలకీ బెల్టులు బిగించి, వెనక ఎర్రగుడ్డ కట్టి తీసుకెళ్లాడు. మనిషి చాలా మర్యాదస్తుడు. ఎవరిదండీ బండి అని అడిగితే రాడ్డు మాస్టారిది అన్నాను.

ఫోన్ చేసిన గంటా పదిహేను నిమిషాల్లో వచ్చాడు.

నిన్న కూడా అంతే పట్టేది.

వెళ్లిరా మామయ్యా. ప్రభువు దగ్గర నీకు విశ్రాంతి దొరకాలి.

నా మనశ్శాంతి కోసం మాత్రం దయచేసి ఎవరూ ప్రార్థన చేయకండి.