లేని పేజీలు చదివిన రోజు

పుస్తకాలు మనిషి జీవితాన్ని ఎలా మారుస్తాయో చెప్పమని నన్ను అప్పుడప్పుడూ సభలకు పిలుస్తుంటారు. వెళ్తాను, శాలువా కప్పించుకుంటాను, అందరూ ఆశించే నాలుగు మంచిమాటలూ చెప్పి వచ్చేస్తాను. నాకు రుజువుగా తెలిసిన ఒక్క సంగతి మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. మా పిన్ని జీవితాన్ని ఒక వారపత్రిక సీరియల్లోని ఒక్క భాగం మార్చేసింది. ఆ భాగాన్ని ఏ రచయితా రాయలేదు. పదమూడేళ్ళ వయసులో నేనే కల్పించి, పత్రికలో ఉన్నట్టుగా చదివి వినిపించాను.

డెబ్బైల మొదట్లో మేము విజయవాడలో, పటమటలో ఒక వాటాలో ఉండేవాళ్ళం. నాన్న ఆటోనగర్‌లో లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రి. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో చదివే పని నాది. రోజూ సాయంత్రం ప్రార్థనలో బైబిలు వాక్యం నేనే చదవాలి. ఏ భాగం చదవాలో మాత్రం నాన్నో అమ్మో తీసి ఇచ్చేవాళ్ళు, అసలు సంగతంతా అందులోనే ఉండేది. నాన్న తమ్ముడు, మా బాబాయి, తాగి వచ్చిన రోజున నాన్న ఆయన్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు. తాగుడు గురించి ఎక్కడుందో వెతికి, పేజీ మీద వేలు పెట్టి నా ముందుకు తోసేవాడు. నేను గొంతెత్తి చదువుతుంటే బాబాయి చెవులు ఎర్రబడేవి. ఆ తర్వాత వారం రోజులు మా గుమ్మం తొక్కేవాడు కాదు. నాన్న మీద కోపం వస్తే అమ్మ కూడా ఇదే పని చేసేది. మొహం మీద అనలేని మాటలన్నీ మా ఇంట్లో నా నోటిగుండానే వెళ్ళేవి. పెద్దవాళ్ళు నా ముందు తల వంచుకుని కూర్చుంటారని నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

పిన్ని అంటే అమ్మకు సొంత చెల్లెలు కాదు, పిన్నమ్మ కూతురు. పామర్రు అవతల ఒక పల్లెటూరికి ఇచ్చారు. పురిట్లోనే బిడ్డ పోయాక ఆమె భర్త ఆమెతో మాట్లాడటం మానేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. మానేశాడంతే. మంచినీళ్ళు కావాలన్నా వాళ్ళమ్మకు చెప్పేవాడు, ఆవిడ పిన్నికి చెప్పేది. అలా రెండేళ్ళు గడిచాక ఒక రోజు పొద్దున్నే చేతిసంచీతో మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఆమెకు మాటలు ఆగేవి కావు. పొయ్యి దగ్గరా, నూతి దగ్గరా, చివరికి గోడ మీద పిల్లితో కూడా మాట్లాడేది. మేం నవ్వేవాళ్ళం. దాని వెనక ఏముందో నాకు అప్పుడు తెలియలేదు.

అమ్మ తను పనిచేసే ఆసుపత్రిలోనే ఆయా పనికి మాట్లాడింది. వార్డుల పేర్లూ, మందుసీసాల మీద అక్షరాలూ కూడబలుక్కోగలిగితే చాలు, తీసుకుంటామన్నారు. పిన్నికి ఒక్క అక్షరం ముక్క రాదు. అమ్మ పలక కొనుక్కొచ్చింది. అఆలతో మొదలుపెడితే విసుగొస్తుందని, పిన్ని ప్రాణం పెట్టి వినే సీరియల్ పేరునే మొదట రాసి దిద్దించింది. నాలుగు అక్షరాల పేరు. రెండు రోజుల్లో పట్టేసింది.

ఆ వారపత్రిక మా నాలుగు వాటాలకూ కలిపి ఒకటే వచ్చేది. పక్కవాటాలో ఉండే ముస్లిముల అమ్మాయి కొనేది. వాళ్ళ నాన్నకు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు. ఆమెను నేను అక్కా అనేదాన్ని. ఆమె చదివాక మాకు, మా తర్వాత మిగతావాళ్ళకు. అన్ని ఇళ్ళూ తిరిగి వచ్చాక ఆమె సీరియల్ కాగితాలు కత్తిరించి దాచేది, కథ పూర్తయ్యాక బైండు చేయించేది. అప్పట్లో పుస్తకాల పిచ్చి ఉన్న ఆడవాళ్ళు చాలామంది చేసే పనే అది.

సీరియల్లో ఒకావిడ మొగుణ్ణి వదిలి పట్నం వచ్చి మిషను కుట్టుకుని బతుకుతుంటుంది. బడినుంచి రాగానే నేను చదివేదాన్ని, పిన్ని నా భుజం పక్కనే కూర్చుని పేజీలోకి చూస్తూ వినేది. "అచ్చం నా కథేనే అమ్మాయ్, ఎవరు చెప్పారో ఆ రాసేవాళ్ళకి" అనేది.

ఇప్పుడు దాపరికం ఎందుకు, పిన్నిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. కిటికీ పక్క మంచం నాది, ఆమెకు ఇచ్చారు. డ్యూటీ నుంచి రాగానే అమ్మ నన్ను పిలిచి బడి కబుర్లు అడిగేది, ఇప్పుడు ఆమెను పిలిచి పలక అడుగుతోంది. "నీకు అక్షరాలు రావడానికి ఆర్నెల్లు పట్టింది, దీనికి నెల్లో వచ్చేశాయి చూడు" అని ఒకసారి నా ముందే అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. ఎనభై ఏళ్ళు బతికినా మరిచిపోనేమో, అంత అల్పురాలిని.

అలా ఉండగా పిన్ని అత్తగారి ఊరినుంచి సంఘపెద్దలు ఇద్దరు వచ్చారు. తిరిగి కాపురానికి వచ్చేయమని అడిగారు. పిన్ని వారం రోజులు గడువు అడిగింది. వాళ్ళు వెళ్ళాక అమ్మ వైపు చూసింది. "నన్నేం చెయ్యమంటావు అక్కా?"

"అది నీ ఇష్టమే. ఉంటానంటే ఉండు. వెళ్తానంటే నేను ఆపను" అంది అమ్మ.

తను ఒత్తిడి పెట్టకూడదని అమ్మ ఉద్దేశం. ఆ సంగతి నాన్నతో చెబుతుంటే నేను విన్నాను. పిన్ని వినలేదు.

ఆ వారమే సీరియల్లో కూడా ఆవిడకు మొగుడి దగ్గరనుంచి తిరిగి రమ్మని ఉత్తరం వచ్చింది. వెళ్తుందో లేదో చెప్పకుండా ఆపేశారు. పిన్ని రోజులు లెక్కపెట్టుకుంది. నాలుగిళ్ళలో ఎవరు కనపడినా, "వెళ్తదంటావా?" అని అడిగేది. ఎవరిని గురించి అడుగుతోందో అందరికీ తెలుసు.

పత్రిక వచ్చింది. నేను బడినుంచి వస్తూ పక్కవాటాలో తీసుకున్నాను. అక్కకు పెళ్ళి కుదిరి ఏలూరు వెళ్ళే హడావిడిలో ఉన్నారు. తెరిచి చూస్తే సీరియల్ ఉండాల్సిన చోట కాగితాలు లేవు, కత్తిరించిన అంచులున్నాయి. తొందరలో ముందే కత్తిరించేసి పెట్టెలో పెట్టేసిందట. పెట్టె అప్పటికే రిక్షా ఎక్కింది.

పిన్ని గుమ్మంలో బియ్యం ఏరుతోంది. "వచ్చిందా?"

లేదని చెప్పి ఉండాల్సింది. పేజీలు లేవు పిన్నీ అంటే అయిపోయేది. నేను, "వచ్చింది" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. ఆ క్షణంలో ఆ ఇంట్లో ఏం జరగాలో చెప్పే మనిషిని నేనొక్కదాన్నే. పాడిపంటల గురించి ఏదో రాసి ఉన్న పేజీ తెరిచాను, అక్షరాలు వచ్చినా గబగబా చదవడం ఆమెకింకా రాదని నా ధైర్యం. పిన్ని చాట పక్కన పెట్టి ఎప్పటిలాగే నా భుజం పక్కకు వచ్చి కూర్చుంది. నేను చదివాను, అంటే చదివినట్టు చెప్పాను. ఆవిడ ఉత్తరం గుండెలకు హత్తుకుందని, మిషను మీద గుడ్డ కప్పేసిందని, బస్సెక్కిందని. బస్సు దిగేసరికి మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడని. పరాయి పంచన ఎన్నాళ్ళని ఉంటాం అని ఆవిడ మనసులో అనుకుందని కూడా కలిపాను. ఆ వాక్యం నాకు చాలా బాగా వచ్చిందనిపించింది.

పిన్ని చాలాసేపు పేజీ వైపే చూసింది. తర్వాత అడిగింది, "మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

"ఏమన్నాడు?"

"వచ్చావా అన్నాడు."

ఆమె తల ఊపి, వెళ్ళి మళ్ళీ బియ్యం ముందు కూర్చుంది. మూడోనాడు పొద్దున అమ్మ డ్యూటీలో ఉండగా, నేను బడికి తయారవుతుండగా, అదే చేతిసంచీతో వెళ్ళిపోయింది. "అక్కకి చెప్పు" అంది. ఏం చెప్పాలో చెప్పలేదు.

అమ్మ ఇంటికి వచ్చి ఖాళీ మంచం చూసి అక్కడే కూలబడింది. "నాతో చెప్పకుండా పోయిందా?" అని రెండు మూడుసార్లు అడిగింది. ఆ రాత్రినుంచి మళ్ళీ కిటికీ పక్క మంచం నాదైంది. నాకు హాయిగా నిద్ర పట్టింది, అది కూడా చెప్పాలి.

అక్క పెళ్ళయి వెళ్ళాక మా వాటాలకు ఆ పత్రిక రావడం ఆగిపోయింది, కొన్ని నెలలకు సీరియల్ పూర్తయింది. అక్క పుట్టింటికి వచ్చినప్పుడు బైండు చేయించిన పుస్తకం చూపించింది. ఆ భాగం కోసం వెతికాను. ఆవిడ వెళ్ళలేదు. ఉత్తరం చదివి, మడిచి, మిషను సొరుగులో పెట్టి మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. నిలబడే చదివి పుస్తకం మూసేశాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి ఎవరికైనా ఏదైనా చదివి వినిపిస్తుంటే భుజం పక్కన ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. "ఏమన్నాడు?" అని అడుగుతున్నట్టు ఉంటుంది. సాయంత్రం ప్రార్థనలో గొంతు పూడుకుపోయేది. జలుబు అనుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు వాక్యం చదివే పని తమ్ముడికి ఇచ్చారు. నేను మాత్రం లోపల్లోపల చదవడం పెంచాను, దొరికిన పుస్తకమల్లా. ఏ పుస్తకంలోనైనా ఇల్లు వదిలిన ఆడమనిషి కనపడితే చివరి పేజీలు ముందు తిప్పి చూసేదాన్ని, వెళ్ళిందా లేదా అని.

అమ్మ పిన్నికి ఉత్తరాలు రాసింది, జవాబు రాలేదు. ఒకసారి తనే వెళ్ళింది. పిన్ని కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, అడిగినదానికి ఊఁ అని మాత్రం అందట. "ఆ ఇంట్లో దాని మొగుడొక్కడే మాట్లాడడనుకున్నా, ఇప్పుడు అదీ మాట్లాడదు" అంది అమ్మ వచ్చి. నాలుగేళ్ళ తర్వాత కడుపులో పుండు ముదిరి అమ్మ పోయింది. పోయేముందు కూడా, "దానికి నేనేం తక్కువ చేశానే?" అని నన్నే అడిగింది. నేను దుప్పటి సర్దాను. అమ్మను మట్టి చేసే వేళకు సమాధుల తోటకు పిన్ని వచ్చింది. గేటు దగ్గర నిలబడి, మేం దగ్గరికి వెళ్ళేలోపు వెళ్ళిపోయింది.

డెబ్బైల చివర్లో ట్రైనింగ్ పూర్తయి, పామర్రు దగ్గర ఒక బళ్ళో టీచరుగా చేరాను. పిన్ని ఊరు అక్కడికి మూడు మైళ్ళు. రెండు నెలలు ఏదో వంక పెట్టుకున్నాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇంక తప్పక నడిచాను. మినుములు ఇళ్ళకు వచ్చిన రోజులు. పిన్ని భర్త అరుగు మీద రేడియో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి పెరటివైపు చెయ్యి చూపించాడు.

పిన్ని మినుములు చెరుగుతోంది. జుట్టు సగం తెల్లబడింది. ఎవరో పోల్చుకుని, పీట చూపించింది. నేను ఏం మాట్లాడినా ఊఁ అంది. నాకు ఉన్న కబుర్లన్నీ అయిపోయాయి. రేడియో ఒక్కటే వినపడుతోంది. అప్పుడు తల ఎత్తకుండా తనే అంది.

"ఆ రోజు నువ్వు చదివింది పుస్తకంలో లేదు కదూ?"

"నీకెలా తెలుసు పిన్నీ?"

"పేరు లేదుగా ఆ పేజీలో. నాలుగు అక్షరాలు. అక్క నాకు ముందు నేర్పింది అవే. పైనుంచి కిందదాకా వెతికాను, ఎక్కడా లేవు."

"అప్పుడే తెలిసిందా? తెలిసి కూడా ఎందుకెళ్ళావు?"

"తెలిసింది కాబట్టే వెళ్ళాను. పుస్తకంలోదైతే ఎవరో రాసింది, మనకెందుకులే అనుకునేదాన్ని." చాట ఒకసారి కొట్టింది. పొట్టు ఎగిరింది. "మీ ఇంట్లో ఎవరికేం చెప్పాలన్నా నీతోనేగా చదివించేది. 'పరాయి పంచన ఎన్నాళ్ళు' అని చదివావు. నీ వయసుకి ఆ మాట ఎక్కడిది? అక్క నా మొహం మీద అనలేక నీతో చెప్పించిందనుకున్నా. పోనీలే, దాని ఇబ్బంది దానిది. ఒక్క మాట నాతోనే అంటే పోయేదిగా, పిల్లతో చెప్పించాలా అని మాత్రం మనసులో ఉండిపోయింది."

ఇన్నేళ్ళూ నేను మోసిన తప్పు వేరు. పుస్తకం చెప్పిందని నమ్మి మోసపోయిందని, పాపం అమాయకురాలని అనుకుంటూ వచ్చాను. ఆమె మోసపోలేదు. నాకంటే బాగానే చదివింది. ఊరుకుంటే ఆ మాట అలాగే ఉండిపోతుంది, కాదనడానికి అమ్మ లేదు. నాకు భయమేసింది, అయినా చెప్పాను.

"అమ్మకేం తెలియదు పిన్నీ. అమ్మ చెప్పించలేదు. పేజీలు లేకపోతే నేనే కల్పించాను. నువ్వు వెళ్ళిపోతే బాగుండునని నాకే ఉండేది."

చాట ఆగింది.

"అక్క చెప్పలేదా?"

"లేదు. నువ్వు ఎందుకెళ్ళావో తెలియకుండానే పోయింది. దానికి నేనేం తక్కువ చేశానని చివరిదాకా అడిగింది."

నన్ను తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె నా వైపు చూడనేలేదు. చేతిలో చాట పట్టుకుని, అందులో మినుముల వైపే చూసింది.

"గేటు దగ్గరదాకా వచ్చి కూడా లోపలికి రాలేదే అమ్మాయ్" అంది. "పిడికెడు మట్టి వెయ్యలేదు నేను అక్క మీద. ఏడుపు రాలేదు నాకు ఆ రోజు."

చాట కింద పెట్టి లేచింది. చెంగుకు చేతులు తుడుచుకుంది. గుమ్మం దాటుతూ, అరుగు మీద మనిషి వైపు చూడకుండా, నన్ను అడిగింది.

"బెజవాడకి ఇప్పుడు బస్సుంటుందా?"