రైలుకు వదిలిన ఆరడుగులు

మొన్న మా తమ్ముడి కూతురు నా ఫోనుకు ఒక లింకు పంపించి, ఇది నింపి మీ కాలనీ గ్రూపులో కూడా పెట్టు అత్తా అని కింద రాసింది. తెరిచి చూస్తే, గుంటూరుకు లైట్ రైలు కావాలని ఎవరో కాలేజీ పిల్లలు తయారుచేసిన ఫారం. ప్రశ్నలు మూడే. మన ఊరికి లైట్ రైలు కావాలా అన్నది మొదటిది, వస్తే వారానికి ఎన్నిసార్లు ఎక్కుతారు అన్నది రెండోది. మూడోది చిన్న అక్షరాల్లో ఉంటే కళ్ళజోడు తెచ్చుకుని చదివాను. ఈ మార్గం వల్ల మీరుగానీ మీ కుటుంబంగానీ ఏదైనా స్థలం కోల్పోతారా అని అడిగారు, ఎదురుగా అవును, కాదు అని రెండు గడులు. పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయేదాకా ఆ రెండు గడులనే చూస్తూ కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఈ మాట మన ఊళ్ళో పుట్టడం ఇది మొదటిసారి కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంటికో ఫోనుంటే గొప్ప, చేతికో ఫోనుంటే ఇంకా గొప్ప అనుకునే రోజుల్లో, గుంటూరులో కొన్నాళ్ళపాటు ఏ నలుగురు కలిసినా ఇదే మాట. మిర్చి యార్డు దగ్గర బయలుదేరి, చుట్టుగుంట మీదుగా ఊళ్ళోకి వచ్చి, పాత బజార్ల పక్కనుంచి బస్టాండుకూ అక్కడినుంచి రైల్వే స్టేషనుకూ పోయే చిన్న రైలు వస్తుందనీ, అది రోడ్డు మీదే, ఆటోల పక్కనే, పొగా గోలా లేకుండా నడుస్తుందనీ చెప్పుకునేవాళ్ళు. ఇవాళ కాకపోతే రేపు అది మంగళగిరి దాటి తాడేపల్లి దాకా పోతుందనీ, కృష్ణ ఒడ్డున దిగి గాలి పీల్చుకుని మళ్ళీ అందులోనే ఇంటికి రావచ్చనీ ఆశపడ్డవాళ్ళూ ఉన్నారు. ఎవరు చెప్పారు, ఎక్కడ రాశారు అని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ, అడగనివాళ్ళలో నేను మొదటిదాన్ని.

అప్పుడు నేను అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటరులో పనిచేసేదాన్ని. పెళ్ళి శుభలేఖలు, మిర్చి వ్యాపారుల లెటర్‌హెడ్లు, చర్చి సభల కరపత్రాలు, చిలకలూరిపేట మిల్లుల బిల్లు పుస్తకాలు, అన్నీ నా వేళ్ళ కిందనుంచే పోయేవి. ఆ రోజుల్లో తెలుగు టైపు చెయ్యడం వచ్చినవాళ్ళకు ఊళ్ళో కాస్త మర్యాద ఉండేది, ఆ మర్యాద నాకు కొంచెం తలకెక్కింది కూడా. ఒకరోజు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, రైలు కావాలని ప్రజల సంతకాలతో ప్రభుత్వానికి పంపాల్సిన అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చారు. ఆయన రాసిన వాక్యాలు మరీ గ్రాంథికంగా ఉంటే, నేను అడక్కుండానే సగం మార్చేశాను. కోప్పడతారనుకుంటే, కాగితం రెండుసార్లు చదువుకుని, నువ్వు మా కమిటీలో ఉండాలమ్మా అన్నారు. అలా ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను రైలు సాధన కమిటీకి కార్యదర్శినయ్యాను. మాస్టారే అధ్యక్షులు. మిగతా సభ్యులు టీ టైముకు వచ్చేవాళ్ళు.

సాయంత్రం పని అయ్యాక మాస్టారూ నేనూ సంతకాలకు తిరిగేవాళ్ళం. మన ఊరివాళ్ళ సంగతి తెలిసిందే, గడపలోకి వచ్చి అడిగినవాళ్ళకు లేదనడం మొహమాటం. కొందరు చదవకుండానే పెట్టేవాళ్ళు, కొందరు మజ్జిగ ఇచ్చి పెట్టేవాళ్ళు, ఒకాయన తన ఇంటి ముందు నీళ్ళ పైపు సంగతి కూడా అర్జీలో కలిపితే పెడతానన్నాడు. యార్డు దగ్గర కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళు పని దిగి వస్తుంటే ఆపి చెప్పాం. వాళ్ళు శ్రద్ధగా విని ఒకే ప్రశ్న అడిగారు. మా చీరల ఘాటుకి సిటీ బస్సులోనే పక్కనెవరూ కూర్చోరమ్మా, ఆ రైల్లో మమ్మల్ని ఎక్కనిస్తారా అని. ఎక్కనిస్తారు అని నేను గట్టిగా చెప్పాను. ఏ అధికారంతో చెప్పానో నాకిప్పటికీ తెలియదు. అందరూ వేలిముద్రలు వేశారు.

మా నాన్న గురించి చెప్పాలి. మేము దూదేకులవాళ్ళం, తాతల కాలంనుంచీ పరుపులు కుట్టడమే మా పని. పాత బజారు రోడ్డు మీద నాన్నకు ఒక కొట్టు, దాని ముందు ఒక పంచ ఉండేవి. లోపల దూది ఏకే మిషను, పంచలో కుట్టు పని. పరుపు గుడ్డ నేలమీద పరిచి, ఏకిన దూది లోపల సమంగా సర్ది, దబ్బనంతో చుట్టూ తిరుగుతూ కుట్టాలి. సింగిల్ మంచం పరుపైతే ఎక్కడైనా కుట్టవచ్చుగానీ డబుల్ కాట్ పరుపుకు నాలుగు వైపులా మనిషి తిరిగే చోటుండాలి, ఆ చోటు ఆ పంచలోనే ఉంది. నాన్న పేరంతా డబుల్ పరుపుల మీదే. నాన్న కుట్టిన పరుపులో పదేళ్ళకైనా దూది ఒకవైపుకు పోదని నరసరావుపేటనుంచి కూడా వచ్చి కుట్టించుకునేవాళ్ళు. రెండు కొట్లు అవతల మా బాబాయిదీ అదే పని, ఆయనకూ అలాంటి పంచే.

మా రోడ్డులో మీటింగు పెట్టినప్పుడు మాస్టారు దాపరికం లేకుండా చెప్పారు. ఇక్కడ రోడ్డు ఇరుకు, రైలు రావాలంటే రెండు వైపులా కొట్లు తలా ఆరడుగులు వెనక్కి జరగాల్సి వస్తుంది, సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి అని. నేను మాస్టారి పక్కన ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను. అందరికన్నా ముందు నాన్న నావైపు ఒకసారి చూసి చెయ్యి ఎత్తాడు. ఆ తర్వాత బాబాయి రెండు చేతులూ ఎత్తాడు, ఆ తర్వాత రోడ్డంతా ఎత్తింది. ఆ రాత్రి నాకు గర్వంతో అన్నం సరిగా సయించలేదు.

ఆ తర్వాతి వారం నాన్న చేసిన పని నేను ఊహించనిది. ఊళ్ళో వేరే చోట రోడ్డు వెడల్పు చేసినప్పుడు, చివరిదాకా ఆగినవాళ్ళ ద్వారబంధాలు, దూలాలు పడగొట్టే మిషను కింద నుగ్గయిపోవడం, ముందుగా తామే విప్పుకున్నవాళ్ళకు ఇటుకతో సహా దక్కడం నాన్న కళ్ళారా చూశాడు. అందుకని ఇద్దరు కూలీలను పెట్టుకుని పంచను తానే విప్పేశాడు. ఇటుకలకు అంటిన సున్నం గీకి ఇంటి వెనక వరుసగా పేర్చాడు. వేప దూలాలు విడిగా దాచాడు. బాబాయి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూసి, "అన్నా, రైలు కూత వినపడ్డాక పడగొట్టుకోవచ్చుగా, ఏం తొందర?" అన్నాడు. నాన్న ఇటుక కింద పెట్టకుండానే, "కూత విని ఎత్తలేదుగా చెయ్యి" అన్నాడు. రోడ్డు మొత్తం మీద వెనక్కి జరిగిన కొట్టు అదొక్కటే.

అప్పటినుంచి నాన్న సింగిల్ పరుపులూ దిళ్ళే కుట్టాడు. డబుల్ పరుపు రిక్షా మీద వేసుకుని, దూది మళ్ళీ ఏకించడానికి పాత ఖాతాదారులు వస్తే, చోటు లేదండీ, మా తమ్ముడు బాగా కుడతాడు అని తానే తీసుకెళ్ళి బాబాయి పంచలో దింపి వచ్చేవాడు. కాసేపు అక్కడే నిలబడి బాబాయి కుట్టు చూసేవాడు. ఖాళీ అయిన ఆరడుగులను మాత్రం రోజూ పొద్దున నమాజు చేసుకుని వచ్చి ఊడ్చి నీళ్ళు చల్లేవాడు. పళ్ళ బండివాడు వచ్చి పెట్టబోతే, అది రైలు స్థలం బాబూ, పక్కన పెట్టుకో అనేవాడు. ఆటోవాళ్ళకూ అదే మాట. రోడ్డువాళ్ళు ఊరుకుంటారా, రైలు సాయిబు అని పేరు పెట్టేశారు. ఏం సాయిబుగారూ, బండి లేటా అని ఎవరైనా అడిగితే, సిగ్నలు పడలేదయ్యా అని నవ్వేసేవాడు. ఆ పేరు విన్నప్పుడు నాకే ముఖం ఎర్రబడేది.

ఏడాది తిరిగేసరికి మా అర్జీకి జవాబు వచ్చింది. అటువంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదని, ఇకముందు కూడా ఉండబోదని, రెండు వాక్యాలు. మాస్టారు ఆ కాగితం తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టారు. వెళ్ళేటప్పుడు, మీ నాన్నగారికి నేను చెప్పనా, నువ్వు చెబుతావా అని అడిగారు. నేనే చెబుతానండీ అన్నాను.

చెప్పలేదు. ఆ రోజు పెళ్ళిళ్ళ సీజను పనుల్లో ఆలస్యమైంది, మర్నాడు నాన్నకు జ్వరం, ఆ మర్నాడు ఇంట్లో చుట్టాలు. సాకులు వెతుక్కుంటే రోజుకొకటి దొరుకుతుంది. ఒకటి రెండుసార్లు అన్నం తింటూ నాన్నే అడిగాడు, మీ మాస్టారు ఏమంటున్నారు అని. ఇంకా చూస్తున్నారట నాన్నా అన్నాను. తలూపాడు. తర్వాత అడగడం మానేశాడు, మరిచిపోయాడులే అనుకుని తేలికపడ్డాను. రోజూ సెంటరుకు ఆ కొట్టు ముందునుంచే పోయేదాన్ని, తడి ఆరని ఆ ఆరడుగుల నేల చూస్తూనే పోయేదాన్ని. నాలుగైదేళ్ళు అలాగే గడిచాయి. ఈలోగా ఊళ్ళో ఫోం పరుపుల షోరూములు వచ్చాయి. పంచ ఉన్నా ఇప్పుడు డబుల్ పరుపులు కుట్టించుకునేదెవరులే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం, బాబాయి పంచలో అప్పటికీ పని ఉంది.

నాన్న పోయాక తమ్ముడు ఆ కొట్టును సెల్‌ఫోన్ల షాపు చేద్దామనుకున్నాడు. నలభయ్యో రోజు అయిపోయాక ఇంటి వెనక పేర్చిన ఇటుకలను బండికెత్తించాడు. పోయిన పంచ మేర కట్టి, కాలువ దాకా షట్టరు దించుతానన్నాడు. నాన్న గీకి పెట్టిన ఇటుకలు ఒక్కటీ చెడిపోలేదు. నేనూ బాబాయీ గడప దగ్గర నిలబడి చూస్తున్నాం. నాన్నకు తెలియకుండానే పోయింది బాబాయ్, ఆ రైలు రాదని నేను చెప్పలేకపోయాను అన్నాను. ఆయన నావైపు తిరక్కుండానే జవాబు చెప్పాడు.

"తెలియకేమమ్మా. ఆ వారమే మీ మాస్టారు దిళ్ళకోసం వచ్చి, నువ్వు చెప్పే ఉంటావనుకుని మీ నాన్నతో ఆ సంగతి మాట్లాడారుగా. అన్నా, పంచ కట్టుకో, ఇంకా ఎందుకు ఆగడం అని నేనే పోరాను. పిల్ల తనే వచ్చి చెబుతుందిలేరా, అప్పుడు కట్టుకుందాం అన్నాడు."

ఇటుకలెత్తేవాళ్ళు దారి అడిగితే ఇద్దరం పక్కకు జరిగాం. ఆ రోజు నేను ఏడవలేదు. తర్వాత చాలాసార్లు ఏడ్చాను.

మాస్టారు ఇప్పుడు లేరు. డీటీపీ సెంటరు ఉన్నచోట కళ్ళద్దాల దుకాణం ఉంది. మా రోడ్డులో పరుపులు కుట్టేవాళ్ళెవరూ లేరు, బాబాయి పంచలో టిఫిను బండి నడుస్తోంది. ఊరు పెరిగింది, రోడ్డు పెరగలేదు, ఆ మలుపు దగ్గర ఆటో ఆగితే ఎంతసేపటికి కదులుతుందో చెప్పలేం. రైలు కావాలని నేనిప్పటికీ అంటాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు ఇప్పటికీ ఆటో వెనక కాళ్ళు బయటికి వేలాడేసుకునే పోతున్నారు.

ఫారంలో పెట్టిన మ్యాపును వేళ్ళతో పెద్దది చేసి చూశాను. గీత సరిగ్గా మా రోడ్డు మీదుగానే, మా తమ్ముడి షాపు ముందునుంచే పోయింది. వెంటనే పిల్లకు ఫోను చేశాను, ఈసారి మర్నాటిదాకా ఆగలేదు. ఇది మీ షాపు మీదుగా పోతుందమ్మా, నలుగురికీ పంపేముందు మీ నాన్నకు చెప్పు, ఇవాళే చెప్పు అన్నాను. అది పకపకా నవ్వింది. "అయ్యో అత్తా, నువ్వు మరీను. ఇదేమన్నా నిజంగా వస్తుందా ఏంటి? సపోర్టు చెయ్యడానికేగా!"

దాన్ని తప్పుపట్టను, దాని కాలం దానిది. రైలు నిజంగా వస్తుందని నమ్మి చెయ్యెత్తిన మనిషి ఒకడు మన ఇంట్లోనే ఉండేవాడని మాత్రం చెప్పాను. మీ తాత అని చెప్పి, పంచ సంగతి, ఇటుకల సంగతి, నేను చెప్పని మాట సంగతి, అన్నీ చెప్పాను. అవతల నవ్వు ఆగిపోయింది, ఊఁ కొడుతూ చివరిదాకా వింది.

ఫోను పెట్టేశాక ఫారం నింపాను. కావాలా అన్నదానికి కావాలి అనీ, వారానికి రెండుసార్లు ఎక్కుతాననీ నొక్కాను. మూడోదానికి అవును అని నొక్కాను. ఎంత స్థలమో రాయడానికి గడి ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే ఆరడుగులు అని రాసేదాన్ని.